వంకాయ ఉలిక్కిపడదు

నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకతె ఈమధ్య ఒక నర్సింగ్ కాలేజీలో ట్యూటరుగా చేరింది. మొన్న ఫోన్ చేసి, "మేడమ్, మాకు సగం క్లాసులు ఫోన్లోనే చెప్పమంటన్నారు. కరోనాలో మీరెలా సెప్పేరు?" అని అడిగింది. ఫోన్లో మొదలుపెడితే మాట మీద మాట వచ్చి అసలు సంగతి ఎక్కడో వదిలేస్తాను. అందుకే కాగితం ముందు కూర్చున్నాను. ఆ పిల్లకీ, ఆ పిల్లలాంటి వాళ్ళకీ ఇది పనికొస్తే సంతోషం.

నేను మొదట వార్డులో నర్సుని. తర్వాత చోడవరంలో ఒక ప్రైవేటు నర్సింగ్ స్కూల్లో ట్యూటర్ని, రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. ఎప్పుడు సీనియర్‌నయ్యానో, ఎప్పుడు శాలువా కప్పారో మా ఇంట్లో వాళ్ళకే గుర్తులేదు, మీకెందుకు. నోరు కాస్త ఎక్కువని నాకు పేరు. అది నిజమే, దాచుకునేదేం లేదు. ఆ నోరే లేకపోతే ఈ కథా ఉండేది కాదు.

ఇళ్ళన్నీ క్లాసుకొచ్చాయి

లాక్‌డౌన్ అనగానే హాస్టల్ ఖాళీ చేయించారు. పిల్లలు రావికమతం, చీడికాడ, మాడుగుల వైపు ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. నాలుగు రోజుల సెలవులనుకుని సంబరపడ్డాం కూడా. తర్వాత ఫోన్లో పాఠాలు చెప్పమని కబురొచ్చింది. నేను ఫోన్‌ని పోపుల డబ్బాకి ఆనించి, మంచి చీర కట్టుకుని, నలభై మంది పిల్లలకు పాఠం చెబుదామని కూర్చుంటే నలభై ఇళ్ళు వచ్చి కూర్చున్నాయి.

బీపీ పాఠం చెబుతుండగా తెర నిండా ఒక తాత మొహం ప్రత్యక్షమైంది. "అమ్మా డాక్టరమ్మా, బీపీ మాత్తర పొద్దున్నేసుకోవాలా, రేత్రేసుకోవాలా?" అన్నాడు. వెనకనుంచి మనవరాలు "తాతా, అది క్లాసు!" అని అరుస్తోంది. "మాత్ర రాసిన డాక్టరు గారినే అడుగు తాతా, నేను డాక్టర్ని కాను" అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "మరింతసేపూ బీపీ గురించే సెప్పేరు కదేటి" అన్నాడు. పిల్లలంతా ఘొల్లున నవ్వారు. ఆ రోజునుంచి ఆయన రోజూ వచ్చేవాడు. నా బ్యాచిలో ఆయనంత క్రమం తప్పకుండా వచ్చినవాళ్ళు లేరు.

నవ్వులాట బాగానే ఉంది గాని, కాన్పు పాఠం మొదలుపెట్టాక పిల్లలందరికీ మాట పడిపోయింది. ప్రశ్న అడిగితే ఒక్కతీ నోరు విప్పదు. ఇదేటి చెప్మా అనుకున్నాను. తర్వాత ఒక పిల్ల మెల్లగా చెప్పింది, పక్కనే నాన్న, అన్నయ్య కూర్చుని వింటున్నారట. పల్లెటూరి ఇంట్లో ఉన్నదే ఒక గది, ఒక ఫోను. అప్పటినుంచి అలాంటి పాఠాలకు చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోను తప్పనిసరి చేశాను. ప్రశ్నలు నోటితో కాదు, రాసి పంపమన్నాను. ఎక్కడా రాసిలేని రూలది. అలాంటివి మీరూ కొన్ని పెట్టుకోవలసి వస్తుంది, భయపడకండి.

ఇంకో మాట. మాతోటి టీచరొకాయన కెమెరా పెట్టని పిల్లలకు ఆబ్సెంటు వేసేవాడు. వాళ్ళలో ఒక పిల్ల పశువుల పాకలో కూర్చుని వింటోందని తర్వాత తెలిసింది. వాళ్ళింట్లో సిగ్నలు అక్కడే వస్తుంది. వెనక గేదె కనిపిస్తే అందరూ నవ్వుతారని కెమెరా ఆపుకుంది పాపం. నా అభిప్రాయం అడిగితే ముక్కుసూటిగా చెబుతాను. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పిన పిల్ల క్లాసులో ఉన్నట్టే. దాని ఇల్లు చూపించమనే హక్కు మనకెవరూ ఇవ్వలేదు.

బాబాయి కాలు

ఇప్పుడు నూకరత్నం గురించి చెప్పాలి. రావికమతం దగ్గర పల్లెటూరు పిల్ల, ఆఖరి సంవత్సరం. చెరుకు రైతు కూతురు. చురుకైనది, తొందరెక్కువ. ఏ పనైనా నేను చెప్పడం పూర్తయ్యేలోపు సగం చేసేసేది.

పుండుకు కట్టు కట్టడం గురించి చెబుతున్న రోజున, "మేడమ్, లైవ్ కేసు సూపిస్తాను ఉండండి!" అంటూ ఫోను పట్టుకుని పక్కింటికి పరుగెత్తింది. అరుగు మీద ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. షుగరు మనిషి, పాదం మీద పుండు. తనని నలభై ఇళ్ళు చూస్తున్నాయని తెలీక, ఫోను వైపు చూసి చక్కగా నవ్వుతున్నాడు.

"ఒసే, ఫోను తిప్పవే ముందు!" అని కేకేశాను.

"ఆయనేటీ అనుకోడు మేడమ్, మా బాబాయే."

"నీకు బాబాయి. మిగతా అందరికీ కాడు. అడిగావా ఆయన్ని?"

అడగలేదు. అడగమన్నాను. ఫోను చీకటైంది, మాటలు మాత్రం వినిపిస్తున్నాయి. సంగతంతా విని ఆ పెద్దమనిషి, "కాలు సూపించుకో. మొకం మాత్రం సూపించకే తల్లీ. మా వియ్యంకుడి తమ్ముడి కూతురు కూడా మీ క్లాసే కదేటి? నాకు పుండున్నాదని తెలిస్తే ఆళ్ళ ఊరంతా టముకేసేత్తాది" అన్నాడు. ఆ కూతురు అప్పటికే చూసేసింది. ముసిముసి నవ్వులు నాకు వినిపిస్తూనే ఉన్నాయి. ఎవరింట్లోనూ అనకూడదని ఒట్టు పెట్టించుకుని, అప్పుడు కాలు మాత్రం చూశాం.

వార్డులో అయితే రోగి చుట్టూ తెర లాగుతాం. ఫోన్లో ఆ తెర మన నోరే. నోరు మూసుకుని మొహమాటపడ్డామో, రోగి పరువు ఊళ్ళు తిరుగుతుంది. నేను కేకేసినందుకు నూకరత్నం రెండ్రోజులు మూతి ముడుచుకుంది. ముడుచుకోనీ అనుకున్నాను.

సూది నేర్పడం

మా స్కూల్లో సూది ఆఖరి ఏడాదే చేతికిస్తాం, ఇప్పుడు ఇంజెక్షన్ ఎలా నేర్పాలో అర్థం కాలేదు. స్కూల్లో అయితే రబ్బరు చెయ్యి ఉంది. దాని తర్వాత ఆసుపత్రిలో మా కళ్ళముందు రోగికి వేస్తారు. ఇప్పుడు ఆ రెండూ లేవు. చివరికి వంకాయ మీదకు వచ్చాం. మా వైపు పెరట్లో వంకాయ లేని ఇల్లు అరుదు. మందుల షాపులో కొన్న సిరంజిలో మందు బదులు కాచిన నీళ్ళు. వాడిన సూదులు పిల్లలకు దొరక్కుండా మూత గట్టి సీసాలో వేసి దాచమని, స్కూలు తెరిచాక తెచ్చి ఇమ్మని గట్టిగా చెప్పాను.

పిల్లలు వీడియోలు పంపారు. అబ్బబ్బ, ఏం వీడియోలవి! ఒకతె వంకాయకి బొట్టు పెట్టింది. ఒకతె "పేషెంట్ గారూ, భయపడకండి" అని వంకాయకి ధైర్యం చెప్పింది. సాయంత్రానికి ఆ పేషెంట్లన్నీ కూరైపోయాయి. నీళ్ళెక్కిన వంకాయ పులుసులోకి మహా బాగుంటుందని ఒక తల్లి నాకు స్వయంగా చెప్పింది.

నూకరత్నం వీడియో అన్నిటికంటే బాగుంది. కోణం సరిగ్గా ఉంది, చెయ్యి వణకలేదు. నేను మెచ్చుకున్నాను. అయితే వరసగా వీడియోలన్నీ చూశాక ఒకటి కనిపించింది. వంకాయ నున్నగా దొర్లుతుంది కదా, అందుకని ప్రతి పిల్లా ఎడమ అరచెయ్యి కిందపెట్టి, వేళ్ళు వెనక్కి చుట్టి, గట్టిగా పట్టుకుని పైనుంచి పొడుస్తోంది. నలభై మందీ అంతే. మనిషి చేతిని అలా పట్టుకోరు. బక్కచిక్కిన ముసలమ్మ చెయ్యో, చిన్నపిల్లాడి చెయ్యో అలా పట్టుకుని పొడిస్తే, అవతలి మనిషి ఉలిక్కిపడితే సూది ఎటు పోతుందో చెప్పలేం. నర్సు వేళ్ళల్లోకే దిగినా దిగుతుంది. వంకాయ ఉలిక్కిపడదు. చెయ్యి వెనక్కి లాక్కోదు. కళ్ళు తిరిగి పడిపోదు.

చెప్పాను, మళ్ళీ మళ్ళీ చెప్పాను. "అర్థమైంది మేడమ్" అన్నారు అందరూ. ఫోన్లో అందరికీ అన్నీ అర్థమవుతాయి. డేటా అయిపోతుందనే తొందరలో అంతకంటే ఏం అంటారు?

సంతకం

మా స్కూలు పెట్టిన యజమానిని మేమంతా కరస్పాండెంట్ గారు అనేవాళ్ళం. ఆయన చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. విశాఖపట్నంలో ఒక పెద్ద ఆసుపత్రి వాళ్ళు ఆయనకు ఫోన్ చేశారు. వార్డులు నిండిపోయాయి, నర్సులు లేరు, ఆఖరి సంవత్సరం పిల్లల్ని వెంటనే పంపండి అన్నారు. ప్రతి పిల్లా ఇంజెక్షను, సెలైను వగైరా తన చేత్తో చేయగా కళ్ళారా చూశానని ట్యూటరు సంతకం కావాలి. ఆ ట్యూటర్ని నేనే.

"కళ్ళారా నేనెక్కడ చూశానండీ?" అన్నాను.

"ఫోన్లో చూశారు కదా మేడమ్."

"వంకాయల్ని చూశాను."

ఆయన నవ్వలేదు. "అక్కడ జనం పోతున్నారు మేడమ్. చూసే దిక్కు లేదు. అసలు నర్సే లేకపోవడం కన్నా మన పిల్లలుంటే నయం కాదా? పిల్లల భవిష్యత్తు కూడా చూడండి" అన్నారు.

ఇప్పటికీ ఆ మాటను తీసిపారేయలేను. జ్వరం చూడడం, అన్నం తినిపించడం, పక్క మార్చడం మా పిల్లలకు బాగా వచ్చు, వాటికి సంతకం పెడతాను, సూది మాత్రం కాదు అన్నాను. సూది రాని నర్సు మాకెందుకన్నారు ఆసుపత్రి వాళ్ళు. దాంతో మొత్తం నా దగ్గర ఆగిపోయింది. నా సంతకం లేకపోతే పిల్లల ఉద్యోగాలు పోతాయి. సంతకం పెడితే, నా మాట నమ్మి చెయ్యి చాపిన రోగి ఏమవుతాడో తెలీదు.

మీరు ట్యూటర్లయ్యాక ఇలాంటి రోజొకటి తప్పకుండా వస్తుంది. కరోనాయే అక్కర్లేదు. అప్పుడు అందరూ మంచివాళ్ళే, అందరి మాటల్లోనూ న్యాయం ఉంటుంది. మీ చెయ్యి మాత్రం మీ ఒక్కరిదే.

తల్లి చాపిన చెయ్యి

మర్నాడే నూకరత్నం ఫోన్ చేసింది. ఏడుపూ కోపమూ కలిసిపోయి ఉన్నాయి గొంతులో.

"మామీద మీకేటి కోపం మేడమ్? మా నాన్న టీ బడ్డీ కాడ అందరికీ సెప్పేసేడు, మా గుంటకి విశాపట్నంలో ఉజ్జోగం వచ్చేసినాదని. ఇప్పుడు మీరు సంతకం పెట్టనంటే నేను ఊళ్ళో ఎలా తిరగను?"

"సూది ఎవరికైనా వేశావుటే?"

"మీరే కదా బాగా ఏసేవన్నారు!"

"వీడియో పెట్టు. మీ అమ్మని పిలువు" అన్నాను.

వాళ్ళమ్మ బట్టలుతుకుతోంది కాబోలు, తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. "అమ్మా, మీ అమ్మాయి సూది వేస్తే వేయించుకుంటారా?" అని అడిగాను. ఆవిడ ఎందుకు, ఏమిటి అనలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, జాకెట్టు చెయ్యి పైకి మడిచి, "దానికేటి, ఎయ్యమనండి. నా గుంట ఏత్తే నాకు బయమేటి?" అంది.

ఆ చెయ్యి చూశాను. కట్టెపుల్లలాంటి చెయ్యి, కండ లేదు. సిరంజి వద్దు, ఊరికే ఎక్కడ వేస్తావో చూపించు, చెయ్యి పట్టుకో అన్నాను. నూకరత్నం ఎడమచేత్తో తల్లి చెయ్యి కిందనుంచి పట్టుకుంది. వేళ్ళు వెనక్కి చుట్టుకున్నాయి. కుడిచేతి వేలు భుజం మీద ఒకచోట పెట్టింది, తీసి ఇంకోచోట పెట్టింది. ఆ పిల్ల తన వేళ్ళనే చూస్తూ ఉండిపోయింది.

"ఏటే, అలాగ సూత్తన్నావు? ఎయ్యి" అంది తల్లి.

ఫోను ఆగిపోయింది. సిగ్నలు పోయిందో, తనే ఆపేసిందో తెలీదు. మళ్ళీ చేయలేదు. నేనూ చేయలేదు. మనసు బాగా కష్టపెట్టానేమోనని రెండు మూడు రోజులు నాకు అన్నం సహించలేదు. పాఠం చెప్పడంలో ఇదో నరకం. మంచికే చేశామని మనకు తెలుసు, అవతలి పిల్లకు తెలిసిందో లేదో తెలీదు.

కరస్పాండెంట్ గారి భుజం

ఆ వారం లాక్‌డౌన్ కాస్త సడలించి స్టాఫ్‌ని స్కూలుకి రమ్మన్నారు, కరస్పాండెంట్ గారు స్టాఫ్ రూముకి వచ్చారు. డాక్టరు గారు ఆయనకు వారానికొక విటమిన్ ఇంజెక్షన్ రాశారు, అది నేను వేయాలి. ఆయనకు సూదంటే చచ్చేంత భయం. సూది పడితే తప్ప ఒంట్లో బలం చేరదని గట్టి నమ్మకం. రెండూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతాయని అడక్కండి, మన వైపు సగం మంది అంతే. ఒక చేతిలో మందు సీసా, ఇంకో చేతిలో సంతకాల కాగితాలు పట్టుకుని కూర్చున్నారు.

సరిగ్గా అప్పుడే నూకరత్నం గుమ్మంలోకి వచ్చింది. పదో తరగతి సర్టిఫికెట్టు స్కూల్లో ఉండిపోయిందట, తండ్రి బండి మీద తీసుకొచ్చాడు. మాస్కు పైన కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. అవి నావైపు చూడడంలేదు.

నాకు ఏ దేవుడు పలికించాడో తెలీదు. "సార్, ఇవాళ మీకు సూది నూకరత్నం వేస్తుంది" అన్నాను.

"ఈ పిల్లా!" అన్నారాయన కుర్చీలో వెనక్కి జరిగి. "ఈ పిల్లకింకా అలవాటు లేదు కదా మేడమ్!"

అన్న తర్వాత ఆయనకే వినబడింది. కాగితాలు ఒళ్ళోనే ఉన్నాయి. నేను కిటికీలోంచి బయటికి చూశాను, నవ్వొస్తే బాగుండదని. ఆయన కాగితాలు బల్ల మీద పెట్టి, చొక్కా చెయ్యి మడవడం మొదలుపెట్టారు. అందుకే ఆయన చెడ్డవాడు కాదని ముందే చెప్పాను. "సరే. నేనన్న మాటకి నేనే నిలబడాలి. రామ్మా, వెయ్యి" అన్నారు. చెమటలు పట్టేశాయి పాపం.

నూకరత్నం దగ్గరికి వచ్చింది. ట్రేలో సిరంజి చూసింది, ఆయన భుజం చూసింది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"నేనెయ్యను సార్."

"పర్లేదు, వెయ్యమ్మా, నేనే అంటున్నాను కదా."

"నాకు రాదు సార్." ఈసారి కళ్ళు నావైపు తిరిగాయి. "మా అమ్మ సెయ్యి పట్టుకున్నాకే తెలిసినాది. వంకాయని పట్టుకున్నట్టే పట్టుకున్నాను. నాకు రాదు. మేడమ్ దగ్గరుండి నేర్పితే అప్పుడేత్తాను. సంతకం కూడా అప్పుడే పెట్టించుకుంటాను. ఈలోపు ఆ ఉజ్జోగం పోతే పోనీండి."

గుమ్మం బయట తండ్రి లబోదిబోమన్నాడు. "ఓలమ్మ, ఊరంతా సెప్పేసేనే!"

"మళ్ళీ సెప్పు నాన్నా, కొన్నాళ్ళాగి ఎల్తాదని" అంది, వెనక్కి తిరక్కుండానే.

నా సర్వీసులో పిల్లలు నాకు దండం పెట్టారు, పూలిచ్చారు, స్టేజీ మీద పొగిడారు. అవన్నీ కలిపినా ఆ "నాకు రాదు" ముందు దిగదుడుపే. నర్సు నోట ఆ మాట రావడం ఎంత కష్టమో వార్డులో పనిచేసినవాళ్ళకు తెలుసు. లేచి కౌగిలించుకునేదాన్నే, కరోనా అడ్డొచ్చింది.

కరస్పాండెంట్ గారు మడిచిన చెయ్యి విప్పుకుంటూ, "మేడమ్, ల్యాబు తాళాలు ఎవరి దగ్గరున్నాయి?" అన్నారు.

ఆ తర్వాత ల్యాబు తెరవడానికి ఆయనే తిరిగి తిరిగి అనుమతి తెచ్చారు. నలుగురేసి పిల్లలు, మాస్కులు, కిటికీలన్నీ బార్లా. ముందు రబ్బరు చెయ్యి, తర్వాత ఊళ్ళో ఆసుపత్రి డాక్టరు గారు ఒప్పుకుని ఇంజెక్షన్ గదిలో నన్నూ పిల్లల్నీ నిలబడనిచ్చారు. రోగిని అడగడం, చెప్పడం, వేయడం, ప్రతి పిల్లనీ పక్కనుండి చూశాను. కొందరు తల్లిదండ్రులు నన్ను తిట్టుకున్నారు. విశాఖ ఆసుపత్రి వాళ్ళు మొదటి విడతకు నర్సుల్ని వేరేచోటినుంచి తెచ్చుకున్నారు. అయితే ఆ రోజుల్లో నర్సుల అవసరం ఎక్కడ తీరింది? రెండో విడతకు మళ్ళీ వాళ్ళే ఫోన్ చేశారు. అప్పుడు నా పేరు పొట్టి సంతకంతో కాదు, ఇంటిపేరుతో సహా నిండుగా పెట్టాను.

విశాఖ వెళ్ళే రోజున నూకరత్నం చెప్పిపోవడానికి వచ్చింది. కరస్పాండెంట్ గారు కబురు లేకుండానే మందు సీసాతో దిగారు. నావైపు చూడను కూడా లేదు, నేరుగా ఆ పిల్ల ఎదురుగా కూర్చుని చొక్కా చెయ్యి మడిచారు. "వెయ్యమంటారా సార్?" అని అడిగింది. "అందుకే కదమ్మా వచ్చాను" అని కళ్ళు గట్టిగా మూసుకున్నారు. మూసుకుని నూకాలమ్మ తల్లికి ఒకసారి, సింహాచలం అప్పన్నకి ఒకసారి దండం పెట్టుకున్నారు. పళ్ళు బిగించి, భుజం బిగించి, ఊపిరి బిగించి, "ఊఁ, ఇంక వెయ్యమ్మా, ఆలస్యం చెయ్యకు" అన్నారు.

నూకరత్నం అప్పటికే సూది పారేసి చేతులు కడుక్కుంటోంది.

"ఎప్పుడో ఏసేసేను సార్. సెయ్యి దించండి."